ఫ్లోరిడా ఫ్యామిలీ ట్రిప్పు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

అమెరికాలోని ఫ్లోరిడాలో ఓర్లాండో నగరపు డిస్నీ, యూనివర్సల్ థీమ్ పార్కులు, సముద్రం, షాపింగ్ మూడూ కలిపి మేం రెండుసార్లు వెళ్లొచ్చాం. మొదటిసారి మూడో రోజుకే అందరం డీలా పడిపోయాం. రెండోసారి అవే పార్కులు, అదే సముద్రం, కానీ ఎవరి మొహమూ వాడలేదు. మధ్యలో మారింది ఒక్కటే. మొదటిసారి చూడాల్సినవన్నీ లిస్టు రాసి రోజుల్లో కుక్కేశాం. రెండోసారి మాలో అందరికంటే ముందు అలసిపోయేది ఎవరో చూసుకుని, ఆ మనిషి ఓపికను బట్టి రోజును కట్టుకున్నాం. మా ఇంట్లో అది ఐదేళ్ల పాప. మీ ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ కావచ్చు. కింద చెప్పే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

సమస్య: మధ్యాహ్నం రెండయ్యేసరికి పిల్లల ఏడుపు, పెద్దల చిరాకు

కారణం పిల్లల అల్లరి కాదు, ఎండా నడకా. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఓర్లాండోలో పగలు 32, 33 డిగ్రీలు ఉంటుంది. దానికి మించి ఉక్కపోత. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పైగా ఎంత నడుస్తున్నామో తెలియదు. డిస్నీ పార్కుల్లో ఒకటైన ఎప్‌కాట్‌లో దేశాల పెవిలియన్లున్న చెరువు చుట్టూ ఒక్కసారి తిరిగితేనే దాదాపు 2 కిలోమీటర్లు. ఇది చాలదన్నట్టు తీరిగ్గా పదిన్నరకి పార్కులో అడుగుపెడతాం. అంటే చల్లగా, క్యూలు చిన్నగా ఉండే గంటన్నర పోయి, ఎండా జనమూ కలిసొచ్చే వేళే మన చేతికి మిగులుతుంది.

పరిష్కారం: గేట్లు తెరిచే సమయానికి అరగంట ముందే అక్కడ ఉండండి. డిస్నీ హోటళ్లలో దిగినవాళ్లని మిగతావారికంటే 30 నిమిషాలు ముందుగా లోపలికి పంపిస్తారు, అది తప్పకుండా వాడుకోండి. పన్నెండున్నర, ఒంటిగంటకి బయటికొచ్చి హోటల్లో భోజనం, నిద్ర, కాసేపు స్విమ్మింగ్ పూల్. మళ్లీ ఐదింటికి పార్కుకి. మధ్యలో నాలుగు గంటలు వృథా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ ఆ నిద్ర లేకపోతే రాత్రి బాణసంచా వేళకి పాప భుజం మీద నిద్రపోతుంది, మనం నిలబడలేక నిలబడతాం.

ఒక మినహాయింపు. డిస్నీ వాళ్ల మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకి పార్కింగ్ గేటు పక్కన ఉండదు. కారు దగ్గరికి రావాలంటే మోనోరైల్ గానీ పడవ గానీ ఎక్కాలి. హోటల్ దూరంగా ఉంటే ఆ ఒక్క పార్కులో మధ్యాహ్నం బయటికి రావడం గిట్టుబాటు కాదు. ఆ రోజు లోపలే ఏసీ ఉన్న షోలు చూసి పెట్టుకోండి. హాల్ ఆఫ్ ప్రెసిడెంట్స్, మిక్కీస్ ఫిల్హార్‌మ్యాజిక్ లాంటివి. చరిత్ర మీద ఆసక్తి లేకపోయినా హాల్ ఆఫ్ ప్రెసిడెంట్స్‌లో చల్లగా కూర్చోవడానికైనా వెళ్లొచ్చు.

మంచినీళ్ల సీసాలు కొంటూ పోనక్కర్లేదు. డిస్నీ పార్కుల్లో కౌంటర్ దగ్గర ఆర్డరిచ్చి తెచ్చుకునే తిండి చోట్ల ఐసు నీళ్ల కప్పు అడిగితే ఉచితంగా ఇస్తారు. బయటి తిండి కూడా తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలు, విడి ఐసు తప్ప. ఐదారేళ్ల పిల్లలున్నా సరే స్ట్రోలర్ (పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి) తీసుకోండి. "మావాడు పెద్దాడయ్యాడు, నడుస్తాడు" అనుకోవడం ఇంటి చుట్టుపక్కల సరే, రోజుకి పది కిలోమీటర్లు దాటే చోట కాదు. పెద్దవాళ్ల కోసం వీల్‌చెయిర్లు, బ్యాటరీ బండ్లు పార్కుల్లోనే అద్దెకిస్తారు. మొహమాటం వద్దని వాళ్లకి ముందే చెప్పి ఒప్పించండి. అక్కడికెళ్లాక ఒప్పించడం కష్టం.

సమస్య: రోజూ సాయంత్రం వాన, రైడ్లన్నీ ఆపేశారు

ఎండ కోసం వెళ్తే వానేమిటని దిగులుపడతారు. ఇది దురదృష్టం కాదు, అక్కడి వేసవి అంతే. ఫ్లోరిడాకి రెండు వైపులా సముద్రం. పొద్దెక్కి నేల వేడెక్కేకొద్దీ అటు అట్లాంటిక్ నుంచి, ఇటు గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి తేమగాలి లోపలికి వీస్తుంది. ఆ రెండూ ఎదురెదురుగా వచ్చి కలిసిన చోట ఉరుముల మేఘాలు లేస్తాయి. పిడుగుల ముప్పు ఉన్నంతసేపూ ఆరుబయట తిరిగే రైడ్లన్నీ ఆపేస్తారు.

పరిష్కారం సులువు. పెద్ద రోలర్ కోస్టర్లు, వాటర్ పార్కు, హోటల్ పూల్ మధ్యాహ్నం లోపే. రెండు తర్వాత లోపలి షోలు, లేదా షాపింగ్. వాన మొదలవగానే జనం గుంపులుగా ఇంటిదారి పడతారు. మీరు వెళ్లకండి. ఆ వాన చాలాసార్లు గంటలో వెలుస్తుంది, ఆ తర్వాత గాలి చల్లబడి క్యూలు పలచబడతాయి. మాకు దొరికిన మంచి సాయంత్రాలన్నీ వాన వెలిశాక వచ్చినవే. పల్చటి రెయిన్‌కోట్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి, పార్కులో కొంటే ధర ఎక్కువ.

తుఫాను సంగతి వేరు. జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు హరికేన్ సీజన్. ఆ నెలల్లో వెళ్తుంటే ట్రావెల్ ఇన్సూరెన్స్ టికెట్లు కొన్నప్పుడే తీసుకోండి. తుఫానుకి పేరు పెట్టాక తీసుకున్న పాలసీ ఆ తుఫాను నష్టానికి వర్తించదు.

సమస్య: గంట క్యూలో నిలబడ్డాక పిల్లవాణ్ని ఎక్కనివ్వలేదు

కారణం ఎత్తు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కి 38 అంగుళాలు, స్పేస్ మౌంటెన్‌కి 44, ట్రాన్ రైడ్‌కి 48 ఉండాలి. యూనివర్సల్ వైపు ఇంకా గట్టి, అక్కడి హల్క్ కోస్టర్‌కి 54. అర అంగుళం తక్కువైనా ఒప్పుకోరు. బతిమాలడం వల్ల పిల్లవాడి కళ్లలో నీళ్లు తప్ప ఏమీ రాదు.

ఇంట్లోనే, అక్కడ వేసుకునే చెప్పులతోనే ఎత్తు కొలవండి. ఎక్కగలిగినవి, ఎక్కలేనివి పిల్లలకి ముందే చెప్పేయండి. పెద్దలిద్దరికీ ఎక్కాలని ఉంటే రైడ్ దగ్గర ఉద్యోగిని రైడర్ స్విచ్ అడగండి. ఒకరు ఎక్కివచ్చేదాకా రెండోవారు పిల్లల దగ్గర ఉండి, తర్వాత మళ్లీ మొత్తం క్యూ కట్టకుండానే ఎక్కొచ్చు. యూనివర్సల్‌లో కూడా చైల్డ్ స్వాప్ పేరుతో ఇదే పద్ధతి ఉంది. చాలామందికి తెలియక, ఇద్దరిలో ఒకరు ట్రిప్పంతా బ్యాగులు కాస్తూ కూర్చుంటారు.

సమస్య: రోజంతా క్యూలోనే గడిచింది

మొదట వెళ్లిన తేదీలు చూడండి. క్రిస్మస్ నుంచి జనవరి 1 దాకా, మార్చి, ఏప్రిల్‌లో బడి సెలవులు (స్ప్రింగ్ బ్రేక్), నవంబరు చివర థ్యాంక్స్‌గివింగ్ పండుగ వారం. ఈ తేదీల్లో ఏ చిట్కా అయినా సగమే పనిచేస్తుంది. తేదీ మార్చుకోగలిగితే అదే అన్నిటికంటే పెద్ద పరిష్కారం.

డిస్నీలో డబ్బు కట్టి క్యూ తగ్గించుకునే పద్ధతి 2024 జూలై నుంచి మారింది. పాత జీనీ ప్లస్ స్థానంలో లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ (కొన్ని రైడ్లకి కలిపి), సింగిల్ పాస్ (ఒక్కో రైడ్‌కి విడిగా) వచ్చాయి. డిస్నీ హోటల్లో దిగేవాళ్లు 7 రోజుల ముందు, మిగతావాళ్లు 3 రోజుల ముందు స్లాట్లు తీసుకోవచ్చు. ఆ రోజు ఉదయం చూద్దాంలే అనుకుంటే మంచి రైడ్లు అప్పటికే అయిపోయి ఉంటాయి. యూనివర్సల్‌లో పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ హోటళ్లలో దిగితే పాత రెండు పార్కులకి క్యూ తగ్గించే ఎక్స్‌ప్రెస్ పాస్ గదితో పాటే వస్తుంది. నలుగురికి విడిగా కొనేదానితో పోల్చి చూడండి, ఒక్కోసారి ఖరీదైన గదే చవక అవుతుంది. 2025 మే 22న తెరిచిన యూనివర్సల్ కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్‌కి మాత్రం ఆ సౌకర్యం చెల్లదు.

సమస్య: బడ్జెట్ చేయి దాటింది

పార్కు టికెట్ల వల్ల అనుకుంటాం. లెక్క తీసి చూస్తే టికెట్లు ముందే అనుకున్నవే. లెక్కలోకి రానివే ముంచుతాయి.

మొదటిది పన్ను. ఓర్లాండో ఉన్న ఆరెంజ్ కౌంటీలో అమ్మకం పన్ను 6.5 శాతం, హోటల్ గది మీద మొత్తం 12.5 శాతం. అంటించిన ధరలో ఈ పన్ను కలిపి ఉండదు, బిల్లు దగ్గర కలుస్తుంది. చాలా హోటళ్లు దీనిమీద రిసార్ట్ ఫీజు, కారు పార్కింగ్ కూడా వేస్తాయి. గది బుక్ చేసేముందు ఈ రెండూ కలిపి రోజుకి ఎన్ని డాలర్లో చూసి అప్పుడు పోల్చండి.

రెండోది రోడ్లు. ఓర్లాండో చుట్టూ 408, 417, 429, 528 అన్నీ టోల్ రోడ్లే. కొన్ని చోట్ల డబ్బు తీసుకునే బూత్ కూడా ఉండదు, కెమెరా నంబర్ ప్లేటు ఫొటో తీస్తుంది. మేం తిరిగొచ్చిన కొన్ని వారాలకి కారు అద్దెకిచ్చిన కంపెనీ నుంచి టోలూ, దాంతోపాటు రోజువారీ సర్వీసు రుసుమూ కార్డు మీద పడ్డాయి. మేం ఒప్పందం కాగితం చదవకుండా సంతకం పెట్టాం. కారు తీసుకునే రోజే టోల్ పద్ధతి ఏమిటో, రోజుకి ఎంతో అడగండి. వీలైతే మీరే సన్‌పాస్ (టోల్ దానంతటదే కట్టే ఫ్లోరిడా పాస్) తీసుకోండి, లేదా ఫోన్ మ్యాప్‌లో టోల్ లేని దారి ఎంచుకోండి. పిల్లల సీటు ధర కూడా అప్పుడే అడగండి. ఫ్లోరిడా చట్టం ప్రకారం ఐదేళ్లు, అంతకంటే చిన్న పిల్లలకి కారులో ప్రత్యేక సీటు ఉండాలి.

ఇంకొకటి, పిల్లల వయసు. డిస్నీ, యూనివర్సల్ రెండు చోట్లా 3 ఏళ్ల లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు, 10 నిండితే పెద్దల టికెట్టే. పదో పుట్టినరోజు దగ్గర్లో ఉంటే ట్రిప్పు అంతకు ముందే పెట్టుకోవచ్చు.

సమస్య: బీచ్‌కి వెళ్లాం, నీళ్లలో దిగలేకపోయాం

ఓర్లాండోకి సముద్రం లేదు. ఈ మాట తెలిసినా ప్లాన్‌లో మర్చిపోతాం. అట్లాంటిక్ వైపు కోకో బీచ్‌కి కారులో గంట, గల్ఫ్ వైపు క్లియర్‌వాటర్‌కి రెండు గంటలు, ట్రాఫిక్ ఉంటే ఇంకా ఎక్కువ. ఈ రెండూ ఒకలాంటివి కావు. కోకో బీచ్‌లో అలలు ఎక్కువ, సర్ఫింగ్ చేసేవాళ్ల చోటు. క్లియర్‌వాటర్‌లో తెల్లని మెత్తటి ఇసుక, నెమ్మదైన నీళ్లు, సాయంత్రం సూర్యాస్తమయం. చిన్నపిల్లలుంటే నా ఓటు క్లియర్‌వాటర్‌కే, కానీ పార్కు రోజుకి అతికించి కాదు. అక్కడే ఒక రాత్రి ఉండిపోండి. కోకో బీచ్‌తో పాటు దగ్గర్లోని కెనెడీ స్పేస్ సెంటర్ కూడా అదే రోజు చూసేద్దామని మేం ప్రయత్నించి రెండూ పోగొట్టుకున్నాం. అట్లాంటిస్ అంతరిక్ష షటిల్ ఉన్న ఆ స్పేస్ సెంటర్‌కి ఒక పూర్తి రోజు కావాలి.

జనవరిలో వెళ్లి నీళ్లు చల్లగా ఉన్నాయని బాధపడేవాళ్లూ ఉన్నారు. ఆ నెలలో ఎండ బాగానే కాస్తుంది, సముద్రం మాత్రం 20 డిగ్రీల లోపే. ఈత కావాలంటే మే నుంచి అక్టోబరు మధ్య చూసుకోండి, లేదా నీళ్లు వేడిచేసే పూల్ ఉన్న హోటల్ తీసుకోండి.

ఇక్కడ మాత్రం అశ్రద్ధ పనికిరాదు. ఒడ్డున లైఫ్‌గార్డులు కట్టే జెండాలు పిల్లలకి కూడా నేర్పండి. ఆకుపచ్చ అంటే ప్రమాదం తక్కువ, పసుపు మధ్యరకం, ఎరుపు ఎక్కువ. రెండు ఎర్రజెండాలుంటే నీళ్లలోకి ఎవరూ దిగకూడదు. ఊదా రంగు జెండా జెల్లీఫిష్ లాంటి జీవులకి గుర్తు. ఒడ్డు నుంచి లోపలికి లాక్కెళ్లే రిప్ కరెంట్‌లో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకండి, అలా అలసిపోయే చాలామంది మునిగిపోతారు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగే నీళ్లు దాటాక ఒడ్డువైపు రండి. గల్ఫ్ వైపు వేసవిలో ఇసుకలో తోకముల్లుతో గుచ్చే స్టింగ్‌రే చేపలు దాగుంటాయి. పాదాలు ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడిస్తే అవే తప్పుకుంటాయి. గల్ఫ్ తీరంలో గొంతు గరగర, కళ్లు మంట ఉంటే రెడ్ టైడ్ (సముద్రంలో విషపు నాచు విపరీతంగా పెరగడం) కావచ్చు. ఉబ్బసం ఉన్నవాళ్లని అక్కడ ఉంచకండి, వెంటనే వెనక్కి తీసుకురండి.

సముద్రపు గాలికి ఎండ తెలియదు, రాత్రి ఒళ్లు మండినప్పుడే తెలుస్తుంది. కనీసం ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. మబ్బున్న రోజు కూడా.

సమస్య: షాపింగ్ తర్వాత సూట్‌కేస్ బరువు దాటింది

షాపింగ్ మొదటి రోజే పెట్టుకోవడం వల్ల. చివరికి జరపండి, చిన్న లగేజీ తూకం వెంట ఉంచుకోండి. చాలా విమానాల్లో ఒక్కో సూట్‌కేస్‌కి 23 కిలోలే. వైన్‌ల్యాండ్, ఇంటర్నేషనల్ డ్రైవ్ దగ్గరి ప్రీమియమ్ ఔట్‌లెట్లు (తగ్గింపు ధరల దుకాణాలు) ఆరుబయట ఉంటాయి, ఉదయం వెళ్లండి. వాన సాయంత్రాలకి పైకప్పు ఉన్న ఫ్లోరిడా మాల్, మిలీనియా మాల్ మంచివి. విదేశీ పర్యాటకులకి ఫ్లోరిడాలో అమ్మకం పన్ను వాపసు ఇవ్వరు, అది తిరిగొస్తుందన్న లెక్కతో కొనకండి. హెయిర్ డ్రయర్ లాంటివి 120 వోల్టులకి చేసినవి, 230 వోల్టుల దేశంలో పెడితే కాలిపోతాయి.

సమస్య: ట్రిప్పు మధ్యలోనే ప్లాన్ దెబ్బతింది

పాపకి జ్వరం, అమ్మమ్మకి కాళ్ల వాపు, ఇంకా మూడు రోజుల టికెట్లు చేతిలో. డబ్బు పోతుందన్న టెన్షన్‌తో ఈడ్చుకెళ్తాం. ఆగండి. డిస్నీలో 4 రోజుల మామూలు టికెట్ వాడుకోవడానికి మొదటి తేదీ నుంచి 7 రోజుల గడువు ఉంటుంది, 5 రోజుల దానికి 8. యాప్‌లో మీ టికెట్ ఆఖరి తేదీ చూసి, ఒంట్లో బాగాలేని రోజుని పూర్తిగా విశ్రాంతికి వదిలేయండి. లైట్నింగ్ లేన్ స్లాట్లు కొని ఉంటే ఎలా మార్చుకోవాలో అదే యాప్‌లోని సహాయం చాట్‌లో ఆ ఉదయమే అడగండి. అప్పటికీ ఒక రోజు తగ్గించక తప్పకపోతే, ముందు అలసిపోయే ఆ మనిషినే ఏది వదిలేద్దామని అడగండి. మా పాప క్షణం ఆలోచించకుండా ఔట్‌లెట్ అంది. ఆ రోజు పొద్దుపోయేదాకా పూల్‌లోనే ఉన్నాం.