కార్తీకంలో దోర్నాల ఘాట్ ఎక్కేవాళ్ళకు

కార్తీకమాసం వస్తోందంటే చాలు, మార్కాపురం నుంచి శ్రీశైలానికి కార్లు, బైకులు బారులు తీరతాయి. "అన్నా, రాత్రికి బయల్దేరితే తెల్లారేసరికి దర్శనం అయిపోతుందా?" అని అప్పుడే ఇద్దరు అడిగారు. అవ్వదు. దోర్నాల దగ్గర అడవిలోకి వెళ్ళే అటవీశాఖ గేటు రాత్రి 9కి మూస్తే మళ్ళీ పొద్దున 6కే తీసేది, పండగ రోజుల్లో మారుతుందేమో బయల్దేరే ముందే కనుక్కోండి. అక్కడి నుంచి అంతా పులుల అభయారణ్యం, రాత్రిపూట ఆ రోడ్డు జంతువులది. తొమ్మిదిలోపు గేటు దాటేసి చీకట్లో తోలుకుంటూ పోదాం అనే ఆలోచన అసలు పెట్టుకోవద్దు.

పెట్రోలు దోర్నాలలోనే కొట్టించండి. స్టెప్నీలో గాలి చూసుకోండి. లోపల చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి వెళ్తే వాళ్ళకీ టెన్షన్ ఉండదు.

అసలు భయం ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. పోయినేడు మా బావ డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో దించాడు, నాలుగు మలుపులు తిరిగామో లేదో కారులో కాలిన వాసన, బ్రేకు తొక్కితే మెత్తగా లోపలికి పోతోంది. ఎలాగో పక్కకి ఆపి, చక్రాలు చల్లారేదాకా ముప్పావుగంట రోడ్డు పక్కనే కూర్చున్నాం, పిల్లలు నోరు మెదపలేదు. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి, బ్రేకు మీద కాలు ఉంచేయకండి, మలుపులో హారన్ కొట్టండి, బస్సు ఎదురొస్తే మీరే ఆగండి.

మన అద్దంకి నుంచి ఏలిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో ఈ కొండకి మెట్లు కట్టించాడు. అప్పట్లో జనం అడవిలో నడిచి నడిచి చేరుకునేవాళ్ళు. మనకి 50 కిలోమీటర్ల చిల్లర తారు రోడ్డుంది, రెండు గంటలు పెట్టుకుంటే ఏం పోతుంది చెప్పండి? శివరాత్రికైతే మాల వేసుకున్న స్వాములు ఇప్పటికీ ఈ రోడ్డు అంచునే చెప్పుల్లేకుండా నడుస్తారు, వాళ్ళ పక్కన స్పీడు తగ్గించండి. పొద్దున్నే పోతే వెదురు పొదల సందుల్లోంచి ఎండ పడుతూ తడి ఆకుల వాసన వస్తుంది, ఏసీ ఆపి అద్దాలు దించండి, కానీ ఫొటో కోసం మలుపులో మాత్రం బండి ఆపొద్దు. కోతులకి ఏమీ వేయకండి, తిండి కోసమే అవి రోడ్డెక్కి చక్రాల కింద పడుతున్నాయి.

శ్రీశైలం ముందొచ్చే శిఖరేశ్వరం గుడి దగ్గర తీరిగ్గా ఆగండి, నంది కొమ్ముల మధ్య నుంచి పెద్దవాళ్ళకి గోపురం చూపించండి. తిరుగు ప్రయాణం మాత్రం మూడింటికల్లా మొదలుపెట్టాలి, చలికాలం కొండల్లో చీకటి తొందరగా పడుతుంది.