ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయికి ఆఫీసు దుస్తులు: ఏవి కొనాలి, ఎలా చూసి కొనాలి

ఉద్యోగం ఖాయమైందని తెలియగానే ఆఫీసు కోసం ఒకేసారి పది జతలు కొనేయాలనిపించడం సహజమే. ఆ కోరికను ఒక నెల వాయిదా వేయగలిగితే, తర్వాత వృథా అయ్యే డబ్బులో చాలా భాగం మిగులుతుంది. మొదటి వారాలకు ఇంట్లో ఉన్నవాటిలోనే ముదురు రంగు ప్యాంటు ఒకటి, సాదా షర్టులో కుర్తాలో రెండు మూడు ఏరి, ఉతికి ఇస్త్రీ చేసి పెట్టుకుంటే సరిపోతుంది. ఆ నెల రోజులూ మీ పనిదినం నిజంగా ఎలా గడుస్తోందో గమనించండి. కుర్చీలో ఎన్ని గంటలు కూర్చుంటున్నారు, రాకపోకల్లో ఎంత దూరం నడుస్తున్నారు, ఎన్ని మెట్లు ఎక్కుతున్నారు, మీరు కూర్చునే చోట ఏసీ గాలి సూటిగా మీద పడుతోందా, బయటివారిని కలవవలసిన రోజులు వారంలో ఎన్ని వస్తున్నాయి అన్నవన్నీ మనసులో ఉంచుకోవాలి. మీకంటే పై హోదాలో ఉన్న మహిళలు మామూలు రోజున ఏం వేసుకుంటున్నారో, ముఖ్యమైన సమావేశం ఉన్న రోజున ఏం వేసుకుంటున్నారో చూస్తే, కాగితం మీద రాసి ఇచ్చిన దుస్తుల నిబంధనల్లో లేని సంగతులు కూడా తెలుస్తాయి.

కొనడం ప్యాంట్లతో మొదలుపెట్టాలి. షర్టు మారితే చూసేవారికి కొత్తగా కనిపిస్తుంది. నిన్నటి ప్యాంటే ఇవాళా వేసుకున్నారని పట్టించుకునేవారు అరుదు. మంచి ప్యాంట్లు మూడు, వాటిలో ప్రతిదాని మీదకూ నప్పే షర్టులో టాప్‌లో ఐదు ఉంటే 15 జతలు అవుతాయి, అంటే వారానికి ఐదు రోజులు పనిచేసేవారికి మూడు వారాల పాటు వేసుకున్న జత మళ్లీ వేసుకోవలసిన అవసరం రాదు. స్కర్టు అలవాటున్నవారు మూడింటిలో ఒకటి స్కర్టుగా పెట్టుకోవచ్చు. అయితే ప్రతిదాని మీదకూ నప్పాలన్న షరతును గట్టిగా పాటించకపోతే ఈ లెక్క నిలవదు. ఒక్క ప్యాంటు మీదకు మాత్రమే కుదిరే టాప్ ఎంత ముచ్చటగా ఉన్నా దానివల్ల వచ్చేది ఒక జతే. అమెరికన్ డిజైనర్ డోనా కరన్ 1985లో తన సొంత పేరుతో తెచ్చిన మొదటి కలెక్షన్ ఈ ఆలోచన మీదే నడిచింది. ఉద్యోగం చేసే మహిళ ఏడు రకాల దుస్తులను రకరకాలుగా కలిపి వేసుకుంటూ వారమంతా నెట్టుకురాగలగాలన్నది ఆమె ఉద్దేశం.

రంగుల్లో నలుపు, నేవీ బ్లూ రెంటిలో ఒకదాన్ని ప్రధాన రంగుగా ఎంచుకుని, ప్యాంట్లు, బ్లేజర్, బూట్లు, బ్యాగు దాని చుట్టూ అమర్చుకోవడం మేలని నా అభిప్రాయం. ముదురు బూడిద రంగు రెంటితోనూ కలుస్తుంది. పై దుస్తుల్లో తెలుపు, లేత నీలం ఉంచుకుని, మీ ముఖానికి బాగా నప్పే రంగులు ఒకటి రెండు చేర్చుకుంటే చాలు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. దుకాణం దీపాల కింద ఒకేలా కనిపించిన రెండు నలుపులు పగటి వెలుతురులో వేరుగా కనిపిస్తాయి. వాటికి వాడిన అద్దకాలు వేరు కావడమే ఇందుకు కారణం. ఇదివరకే ఉన్న బట్టకు జోడీ వెతుకుతున్నప్పుడు ఆ బట్టను వెంట తీసుకెళ్లి, గుమ్మం దగ్గర వెలుతురులో రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. బ్లేజర్, ప్యాంటు జతగా కొంటే రెంటినీ ఎప్పుడూ కలిపే ఉతికించాలి. లేకపోతే ఏడాదికల్లా ఒకటి వెలిసి ఒకటి ముదురుగా మిగులుతుంది.

గుడ్డ నాణ్యత తెలుసుకోవడానికి రెండు పరీక్షలు చాలు. అంచును గుప్పిట్లో గట్టిగా నలిపి పది సెకన్లు పట్టుకుని వదిలితే, ముడతలు అలాగే నిలిచిపోయే గుడ్డ మీరు ఆఫీసుకు చేరేసరికే నలిగిపోతుందని అర్థం. తర్వాత లోపల చేయి పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకోవాలి. వేళ్లు విడివిడిగా కనిపిస్తే లోపల మరొకటి వేసుకోక తప్పదు. పక్కకుట్టులో ఉండే లేబుల్ కూడా చదవాలి. సాధారణ వాతావరణంలో నూలు తన బరువులో 7–8 శాతం దాకా తేమను ఇముడ్చుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా తీసుకోదు. అందుకే ఉక్కపోతలో పూర్తి పాలిస్టర్ షర్టు ఒంటికి అతుక్కుంటుంది, వాసన కూడా త్వరగా పడుతుంది. కాని పూర్తి నూలు త్వరగా నలుగుతుంది కాబట్టి, రోజువారీ షర్టుకు నూలు ఎక్కువగా, పాలిస్టర్ తక్కువగా కలిసిన గుడ్డ మంచి మధ్యేమార్గం. విస్కోస్ (కలప గుజ్జు నుంచి తీసిన దారపు గుడ్డ) మెత్తగా, ఒంటిమీద జాలువారుతూ అందంగా ఉంటుంది గాని తడిసినప్పుడు బలహీనపడుతుంది, గట్టిగా పిండకూడదు. ప్యాంటు గుడ్డలో ఎలాస్టేన్ అనే సాగే దారం 2 నుంచి 5 శాతం ఉంటే గంటల తరబడి కూర్చున్నా మోకాళ్ల దగ్గర ఇబ్బంది ఉండదు. ఇంకా ఎక్కువైతే అది లెగ్గింగ్‌లా సాగి ఆకారం పోగొట్టుకుంటుంది.

ఎక్కువ సమయం ఇవ్వవలసింది ట్రయల్ రూమ్‌కు. అద్దం ముందు నిటారుగా నిలబడి, ఊపిరి బిగబట్టి చూసుకుంటే ఏ ప్యాంటైనా బాగానే కనిపిస్తుంది, కాని ఆఫీసులో మీరు ఆ భంగిమలో ఉండే సమయం చాలా తక్కువ. కూర్చుని చూడండి. నడుము పట్టీ పొట్టను కోస్తోందా, వెనక నడుము దగ్గర చేయి దూరేంత ఖాళీ తెరుచుకుంటోందా, పాదాల దగ్గర అంచు ఎంత పైకి పోతోంది అన్నవి కూర్చున్నప్పుడే తెలుస్తాయి. కింద పడిన పెన్ను తీస్తున్నట్టు వంగండి, రెండు మెట్లు ఎక్కుతున్నట్టు మోకాలు ఎత్తండి. తొడల పైభాగంలో అడ్డంగా గీతలు పడుతుంటే ప్యాంటు బిగుతు. నిలువుగా మడతలు పడుతుంటే వదులు. పక్క జేబులు నోరు తెరిచి ఉంటే తుంటి దగ్గర ఒక సైజు పెంచవలసిందే. జేబులే లేని ప్యాంటును నేనైతే కొనవద్దనే చెబుతాను, ఎందుకంటే యాక్సెస్ కార్డు, ఫోను చేతిలో పట్టుకుని రోజంతా తిరగడం ఎవరికీ సుఖం కాదు. కొన్నిటిలో జేబు ఉండి కూడా నోటి దగ్గర తాత్కాలిక కుట్టు వేసి ఉంటుంది. ఆ దారం జాగ్రత్తగా విప్పితే జేబు తెరుచుకుంటుంది.

షర్టు విషయంలో మొదట చూడవలసింది భుజం. చేతిని కలిపే కుట్టు భుజం ఎముక చివర పడాలి, ఎందుకంటే ఆ చోట సరిచేయడం టైలర్‌కు కష్టం, మీకు ఖర్చు. తర్వాత రెండు చేతులూ ముందుకు చాపి, కీబోర్డు మీద టైపు చేస్తున్నట్టు ఉంచి, పక్క నుంచి అద్దంలో చూసుకోండి. ఛాతీ దగ్గర రెండు గుండీల మధ్య సందు తెరుచుకుంటే ఆ షర్టు మీకు చిన్నది. ఛాతీకి సరిపోయే సైజు తీసుకుని, నడుము దగ్గర వదులును టైలర్ చేత తగ్గించుకోవడం సరైన పద్ధతి. అప్పటికీ సందు పడుతుంటే ఆ రెండు గుండీల మధ్య లోపలివైపు చిన్న ప్రెస్ బటన్ కుట్టించుకుంటే పిన్నీసుల బెడద ఉండదు. తెల్ల షర్టు లోపల తెల్ల లోదుస్తులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, ఒంటి రంగుకు దగ్గరగా ఉండేవి అసలు కనిపించవు.

డబ్బు చెల్లించే ముందు బట్టను తిరగేసి లోపలివైపు చూడాలి. ప్యాంటు వెనక మధ్య కుట్టులో, కింది మడతలో కొంత గుడ్డ వదిలి ఉంటే రేపు వదులు చేయించుకోవచ్చు, పొడవు దింపించుకోవచ్చు. కుట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయా, కాజాల చుట్టూ దారాలు ఊడుతున్నాయా, చారల గుడ్డ అయితే పక్కకుట్టు దగ్గర చారలు కలిశాయా అని చూడటానికి ఒక్క నిమిషం చాలు. ధర ఎంతైనా సరే, లోపల కుట్టుకు మార్జిన్ లేకుండా కత్తిరించిన బట్ట ఎక్కువ కాలం మన్నదు.

అన్నీ ఖరీదైనవి కానక్కర్లేదు. వారంలో రెండు మూడు సార్లు వేసుకునే ప్యాంటుకు, రోజూ తొడిగే బూట్లకు, ఏళ్ల తరబడి ఉండే బ్లేజర్‌కు ఎక్కువ పెట్టి, త్వరగా మార్చవలసి వచ్చే టాప్‌లకు తక్కువ పెట్టడం మంచిది. ధరను ఎన్నిసార్లు వేసుకుంటారన్న అంకెతో భాగించి చూస్తే, వంద సార్లు వేసుకునే మంచి ప్యాంటు, నాలుగుసార్లకే మూలన పడే చవక టాప్ కంటే ఎక్కువసార్లు చౌకగానే తేలుతుంది.

ఆఫీసులో చలి మీ ఊహ కాదు. భవనాల ఉష్ణోగ్రతకు వాడే ప్రమాణాలు 1960ల నాటి లెక్కల మీద, సగటు పురుషుడి శరీరం పుట్టించే వేడిని బట్టి ఏర్పడ్డాయని, స్త్రీల విషయంలో ఆ వేడిని అవి ఎక్కువగా అంచనా వేస్తున్నాయని 2015లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. కాబట్టి బ్లేజర్ గాని కార్డిగన్ గాని మీ దుస్తుల లెక్కలో మొదటి నుంచీ ఉండాలి. ప్రధాన రంగులో ఉన్నదాన్ని ఆఫీసు కుర్చీకే తగిలించి ఉంచితే, అనుకోకుండా సమావేశానికి పిలుపు వచ్చినప్పుడు కూడా పనికొస్తుంది.

బూట్లు సాయంత్రం కొనాలి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. మడమ కావాలంటే సన్నని దానికంటే వెడల్పైన బ్లాక్ హీల్ నయం. రెండు జతలు ఉంచుకుని రోజు విడిచి రోజు మార్చి తొడిగితే లోపలి చెమట ఆరుతుంది, రెండూ ఎక్కువ కాలం మన్నుతాయి.

కొన్న తర్వాత బట్టల ఆయుష్షు ఉతకడం మీద ఆధారపడుతుంది. తెల్ల షర్టు చంకల్లో వచ్చే పసుపు మరక కేవలం చెమట వల్ల కాదు. చెమటను ఆపే రోల్-ఆన్‌లలోని అల్యూమినియం లవణాలు చెమటతో కలిసి గుడ్డకు పడతాయి. రోల్-ఆన్ పూర్తిగా ఆరాక షర్టు వేసుకుని, విప్పిన రోజే చల్లటి నీళ్లలో ఆ చోటు జాడిస్తే మరక నిలవదు. క్లోరిన్ బ్లీచ్ వేస్తే పసుపు ఇంకా ముదరవచ్చు. మరక ఉండగా ఇస్త్రీ చేస్తే వేడికి అది పూర్తిగా అతుక్కుపోతుంది. లేబుల్ మీద ఇస్త్రీ పెట్టె బొమ్మలో ఒక చుక్క ఉంటే తక్కువ వేడి, మూడు ఉంటే ఎక్కువ వేడి అని; వృత్తం ఉంటే డ్రై క్లీనింగ్ వంటి దుకాణం పని అని. ముదురు ప్యాంట్లు తిరగేసి ఉతకాలి. కార్డిగన్‌ను హ్యాంగర్‌కు తగిలిస్తే భుజాలు సాగుతాయి, మడిచి పెట్టాలి. బ్యాగు పట్టీ ఒరుసుకునే చోట చిన్న ఉండలు కట్టడం మొదలైతే, భుజం మార్చి తగిలించుకుంటూ, కట్టినవాటిని లాగకుండా ఫ్యాబ్రిక్ షేవర్‌తో (ఉండలను కోసే చిన్న యంత్రంతో) తీసేయాలి.

చివరగా, మీకు అన్నిటికంటే బాగా కుదిరిన షర్టు, ప్యాంటు తీసి మంచం మీద పరిచి, ఛాతీ, భుజం, చేతి పొడవు, నడుము, తుంటి, లోపలి కాలి పొడవు టేపుతో కొలిచి ఫోనులో రాసి పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఎస్, ఎం, ఎల్ అక్షరాలను నమ్మకుండా, అమ్మేవారు ఇచ్చిన కొలతల పట్టికతో వీటిని పోల్చాలి. ఆ పట్టిక శరీరం కొలతలదా, బట్ట కొలతలదా అన్నది ముందు చూసుకోవాలి. శరీరం కొలతలదైతే మీ ఒంటి కొలతలతో, బట్ట కొలతలదైతే మీరు రాసుకున్నవాటితో సరిపోల్చి ఆర్డరు పెట్టవచ్చు.