మంచు స్కేట్లు కొనే ముందు – మూడో పాఠం: అట్ట, స్క్రూ, బ్లేడు

మొదటి పాఠంలో పాదం కొలిచాం. రెండో పాఠంలో బూటు తోలు చూశాం, చీలమండ దగ్గర మడత పడిన చోట బొటనవేలితో నొక్కి బిగువు ఎంత మిగిలిందో చూడడం నేర్చుకున్నాం. ఆ పాఠం అయ్యాక గుణుపురం నుంచి ఒకాయన ఫోన్ చేశారు. "బూటు బాగానే ఉందండీ, బ్లేడు అద్దంలా మెరుస్తోంది, డబ్బు కట్టేయమంటారా?" అని అడిగారు. ఇంకో రెండు రోజులు ఆగమన్నాను. ఈ పాఠం ఆ రెండు రోజుల పని.

ఒడిశాలోని మన రాయగడలో మంచు రింకు లేదు. పిల్లలు సిమెంటు నేల మీద చక్రాల స్కేట్లతో మొదలుపెడతారు. వాళ్లలో ఒకరిద్దరు ఏ డెహ్రాడూన్ హిమాద్రి రింకుకో, చలికాలంలో సిమ్లాకో శిక్షణకు వెళ్తారు. కొత్త స్కేట్లు కొనే స్తోమత అందరికీ ఉండదు, కాబట్టి వాడిన జత తెప్పించుకుంటాం. అది మంచిదో కాదో చెప్పే మనిషి చుట్టుపక్కల లేడు. మనమే చూసుకోవాలి.

రెండేళ్ల కిందట మా మేనకోడలికి అలాగే ఒక జత కొన్నాను. బ్లేడు మెరుపు చూసి కొన్నాను. శిక్షణ రెండో రోజున కుడికాలి బ్లేడు ముందు భాగం బూటు అడుగునుండే అట్ట నుంచి లేచిపోయి పిల్ల బోర్లా పడింది. మణికట్టు బెణికింది. ఎముక విరగనందుకు మజ్జిగౌరమ్మకు దండం పెట్టుకున్నాం. తిరిగొచ్చాక ఆ బూటు బజారులో చెప్పులు కుట్టే తాతకి చూపించాను. ఆయన బ్లేడు విప్పి, స్క్రూ ఊడిన రంధ్రం పక్కన ఆరె పెట్టి నొక్కాడు. ఉడికిన బంగాళాదుంపలో దిగినట్టు దిగింది.

"తోలు కుళ్లిపోయింది బాబూ. మేకు దేన్ని పట్టుకుంటాది?"

ఈ పాఠానికి ఆ ప్రశ్నే మొదలు. స్కేటు చేతికి రాగానే బ్లేడు చూడకండి. తిరగేసి అట్ట చూడండి.

మంచు మీద గెంతుతూ, గిరగిరా తిరుగుతూ చేసే ఫిగర్ స్కేటింగ్ బూట్లలో చాలావాటికి అట్ట, మడమ దళసరి తోలుతో చేసినవే ఉంటాయి. బ్లేడుకి పైన రెండు పళ్లేలుంటాయి, ఒకటి ముందరి పాదం కింద, ఒకటి మడమ కింద. వాటిని స్క్రూలతో ఆ తోలుకి బిగిస్తారు. మంచు మీద ఆడినంతసేపూ అట్ట తడుస్తుంది. ఇంటికొచ్చాక సంచిలోనే వదిలేస్తే ఆ తడి స్క్రూ రంధ్రాల్లోంచి లోపలికి పోతుంది. పైన పాలిష్ ఉంటుంది, లోపల తోలు మెత్తబడుతుంది.

ఎలా కనిపెట్టాలి? ముందుగా సరైన కొలత స్క్రూడ్రైవర్‌తో ప్రతి స్క్రూనీ బిగించే వైపు కొంచెం తిప్పండి. బిగుసుకుంటే మంచిదే. పట్టు లేకుండా గిర్రున తిరిగితే దాన్ని బయటికి తీయండి. మర మీద తుప్పు ఉందా, తడిసిన తోలు పొడి అంటుకుందా చూడండి. రంధ్రం దగ్గర ముక్కు పెట్టి వాసన చూడండి. ఎండిన తోలు వాసన మీకు తెలుసు. పులిసిన వాసన వస్తే లోపల కుళ్లు మొదలైనట్టే. ఆ తర్వాత రంధ్రం చుట్టూ గోటితో నొక్కండి. గోరు దిగకూడదు.

ఒకటి రెండు రంధ్రాలే వదులైతే భయం లేదు. సన్నని చెక్కపుల్లకి జిగురు రాసి రంధ్రంలో దిగ్గొట్టి, ఆరాక కోసేసి, పక్కన కొత్త రంధ్రం వేయించుకోవచ్చు. బ్లేడు పళ్లేనికి మామూలుగా రెండు రకాల రంధ్రాలుంటాయి. కోలగా సాగినవి తాత్కాలికం, బ్లేడుని అటూ ఇటూ జరిపి సరైన చోటు కుదుర్చుకోవడానికి. గుండ్రటివి శాశ్వతం. వాడిన బూటులో సాగిన రంధ్రాలకే స్క్రూలుండి, గుండ్రటివి ఖాళీగా ఉంటే సంతోషించండి. ముట్టుకోని గట్టి తోలు ఇంకా మిగిలే ఉంది. మడమ మొత్తం మెత్తబడితే మాత్రం ఎంత చవకైనా వద్దు.

ఇక బ్లేడు. నేను పనిచేసేది ఫెర్రోక్రోమ్ నమూనాలు పరీక్షించే చోట, అందుకే ఈ భాగం మీద నాకు ప్రేమ ఎక్కువ. మన జిల్లాలోనే థేరుబలిలో ఫెర్రోక్రోమ్ తయారవుతుంది. జాజ్‌పూర్ జిల్లా సుకిందా లోయ క్రోమైట్ రాయిని బొగ్గుతో కలిపి కరెంటు కొలిమిలో కరిగిస్తే వచ్చే లోహం అది. ఉక్కులో తగినంత కలిపితే స్టెయిన్‌లెస్ స్టీల్ అవుతుంది. కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే ఉక్కు పైన కంటికి కనిపించని పొర ఒకటి ఏర్పడి, తుప్పుకి అడ్డం పడుతుంది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ అలాంటి ఉక్కు పోత పోశాడు. అదే ఊళ్లో జాన్ విల్సన్ అనే స్కేటు బ్లేళ్ల సంస్థ 1696 నుంచి ఉంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. మెరిసే బ్లేడంతా స్టెయిన్‌లెస్ కాదు. ఫిగర్ స్కేటింగ్ బ్లేళ్లలో ఎన్నో కార్బన్ ఉక్కుతో చేసి, పైన క్రోమ్ పూత వేసినవి. పూత పక్కలకి కాపలా మాత్రమే. కోసే అంచు దగ్గర పూతని కావాలనే తీసేస్తారు, ఎందుకంటే పదును పట్టాల్సింది పూత కాదు, దాని కిందున్న గట్టి ఉక్కు. బ్లేడుని పక్కకి తిప్పి వెలుతురులో పట్టుకోండి. పైన అద్దంలాంటి మెరుపు, కింద అంచు పొడవునా బూడిదరంగు పట్టీ. రెంటి మధ్య సన్నని గీత.

ఆ బూడిదరంగు పట్టీ వెడల్పే బ్లేడుకి మిగిలిన ఆయుష్షు. సానపట్టిన ప్రతిసారీ కింది నుంచి కొంత ఉక్కు పోతుంది, పట్టీ సన్నబడుతుంది. పైగా చాలా బ్లేళ్లలో గట్టిపరచిన ఉక్కు అంచు నుంచి కొంత ఎత్తు వరకే ఉంటుంది. కమ్మరి కొడవలిని కాల్చి నీళ్లలో ముంచేటప్పుడు పంటి వైపే ముంచుతాడు చూశారా, అలాంటిదే. ఆ భాగం అరిగిపోయాక ఎంత సానపట్టినా పదును రెండు రోజులు నిలవదు. అందుకే అమ్మేవాళ్లని ఫొటో అడిగేటప్పుడు బూటు అందం వద్దు, బ్లేడు పక్కభాగం దగ్గరగా తీసి పంపమనండి. ముందు, మధ్య, వెనక మూడు చోట్లా పట్టీ ఒకే వెడల్పులో కనిపించాలి. మధ్యలో బాగా సన్నబడి ఉంటే చేతకాని చోట సానపట్టించారని అర్థం, బ్లేడు వంపు చెడిపోయినట్టే. ముందుండే పళ్లు కూడా చూడండి. కింది పన్నుని అరగదీసిన బ్లేడు తీసుకోవద్దు.

చేతికొచ్చాక చేయాల్సిన పరీక్ష ఆకురాయితో. చిన్న ఆకురాయి తీసుకుని, బ్లేడు తోక చివర, మంచుకి తగలని చోట, అంచుకి దగ్గరగా ఒక్కసారి మెల్లగా గీయండి. గట్టి ఉక్కు మీద ఆకురాయి జారిపోతుంది, సన్నగా కీచుమంటుంది. మెత్తటి ఇనుము మీద పట్టుకుని పొడి రాలుస్తుంది. పొడి రాలితే అది బొమ్మ స్కేటు. అలాంటివాటికి తరచు బ్లేడుని ప్లాస్టిక్ అట్టకి రివెట్లతో కొట్టేసి ఉంటారు, మార్చడానికి కూడా వీలుండదు.

తుప్పు చూసి కంగారు పడకండి, కానీ ఏ తుప్పో చూడండి. ఒక రాత్రి తడికి పట్టిన నారింజరంగు తుప్పు నూనె గుడ్డతో తుడిస్తే పోతుంది. తుడిచాక నల్లటి చుక్కలు మిగిలి గోరు వాటిలో తట్టుకుంటే అవి గుంటలు. అంచు మీద గుంటలుంటే సానపట్టి పోగొట్టాలి, అంటే పట్టీలో అంతమేర పోయినట్టే. బ్లేడు పళ్లేలకి అతికిన చోటు నుంచి తుప్పు గీతలా కారి ఉంటే అతుకు పగిలిందేమోనని అనుమానించాలి. ఆ జత తిప్పి పంపేయండి.

కొన్నాక మన వానాకాలం సంగతి. జూలైలో ఇక్కడ బీరువాలో తాళంచెవులకే తుప్పు పడుతుంది. ఆట అవగానే బ్లేడు, అట్ట రెండూ పొడిగుడ్డతో తుడవండి. ప్లాస్టిక్ తొడుగు నడవడానికే, దాచడానికి కాదు. అందులో తడి నిలుస్తుంది. దాచేటప్పుడు మెత్తటి గుడ్డ తొడుగు వేయండి. నెలల తరబడి వాడకపోతే బ్లేడుకి కుట్టుమిషన్ నూనె పలచగా రాయండి. అట్టకి, స్క్రూ తలల చుట్టూ కరిగించిన తేనెమైనం పట్టించండి. కొండ తేనె పట్టు మైనం మన సంతల్లోనే దొరుకుతుంది. మా మేనకోడలి కొత్త జతకి నేను అదే వాడుతున్నాను, ఈ ఏడు మడమ ఇంకా రాయిలా ఉంది.

వచ్చే పాఠంలో సానపట్టడం, బ్లేడు అడుగున ఉండే గాడి, రెండు అంచులు సమానంగా ఉన్నాయో లేదో ఒక నాణెంతో చూడడం. ఈలోగా ఇంట్లో పాత కత్తిపీట, మెత్తటి ఇనుప మేకు ఒకటి తీసుకుని ఆకురాయితో గీసి చూడండి. రెండు శబ్దాలూ చెవికి అలవాటు కావాలి. రెండు రూపాయల నాణెం, చిన్న అయస్కాంతం సిద్ధంగా పెట్టుకోండి.