కలప పైళ్లు దింపడం – 5వ పాఠం: ఎర్ర గీత కూడా పైల్‌తో పాటు దిగాలి

నాలుగో పాఠం చదివి పని మొదలుపెట్టినవాళ్లలో చాలామందికి ఒకే చోట ఎదురుదెబ్బ తగిలింది. పైల్ (నేలలోకి కొట్టి దింపే దుంగ) సగం దాకా సాఫీగా దిగింది, తల చెక్కుచెదరలేదు. ఆ తర్వాత తల అంచుల్లో పోగులు లేవడం మొదలైంది. ఇంకో మీటరు దిగేసరికి పొన్ను (తల చుట్టూ బిగించే ఇనుప కట్టు) కిందికి జారిపోయి తల చీపురుకట్ట అయింది. "మొదట బాగానే ఉంది కదా, కర్రలోనే లోపం ఉందేమో" అని అడుగుతున్నారు.

లోపం కర్రలో లేదు, నా పాఠంలో ఉంది. "లీడర్ మీద ఎర్ర గీత గీసుకోండి, హ్యామర్ 1 మీటరుకు మించి లేవకూడదు" అని రాసి వదిలేశాను. లీడర్ అంటే హ్యామర్ జారే నిలువు చట్రం, హ్యామర్ అంటే పైల్ తల మీద పడే ఇనుప దిమ్మ. ఆ గీతను ఎప్పటికప్పుడు కిందికి జరపాలని రాయలేదు. అది వేరే చెప్పాలా అనుకున్నాను. చెప్పాల్సిందే. అందుకే ఈసారి మొన తొడుగు సంగతి పక్కనపెట్టి ఈ గీతను సరిచేద్దాం. తొడుగు వచ్చే పాఠంలో.

జరిగింది ఇదీ. పైల్ నిలబెట్టినప్పుడు హెల్మెట్ (పైల్ తల మీద బోర్లించే ఇనుప టోపీ) పైభాగం నుంచి గీత దాకా సరిగ్గా 1 మీటరు ఉంది. లీడర్ నేలకు సంబంధించినది, అది కదలదు. పైల్ మాత్రం దిగుతోంది. అర మీటరు దిగాక వించ్ (తాడుతో హ్యామర్‌ను ఎత్తే యంత్రం) మనిషి అదే గీత దాకా ఎత్తితే హ్యామర్ పడే ఎత్తు ఒకటిన్నర మీటర్లు. రెండు మీటర్లు దిగాక మూడు మీటర్లు. వించ్ మనిషి మాట తప్పలేదు, ప్రతి దెబ్బకూ గీత దగ్గరే ఆపాడు. దెబ్బ మాత్రం మూడింతలయింది. పైగా కింద నేల గట్టిపడే చోట, పైల్ ఎక్కువగా ఎదురు తిరిగే చోట, ఈ మూడింతల దెబ్బ పడింది.

మూడింతలు అన్నది శక్తి లెక్క. కర్ర తల పగలడానికి శక్తికన్నా వేగం ముఖ్యం. హ్యామర్ 1 మీటరు నుంచి పడితే తాకే వేగం సెకనుకు 4.43 మీటర్లు, 3 మీటర్ల నుంచి పడితే 7.67 మీటర్లు. ఇనుప దిమ్మ కర్ర తలను తాకిన క్షణంలో పుట్టే ఒత్తిడి ఈ వేగంతో పాటే పెరుగుతుంది. సాధారణ పచ్చి కలప (ఘనపు మీటరుకు 800 కిలోలు, ఒత్తిడికి ఎంత తక్కువగా కుంగుతుందో చెప్పే స్థితిస్థాపక గుణకం 10 గిగాపాస్కల్) తీసుకుని, కుషన్ (దెబ్బను మెత్తబరిచే దిమ్మ) లేదనుకుని లెక్కేస్తే 4.43 వేగానికి చదరపు సెంటీమీటరుకు సుమారు 125 కిలోలు వస్తుంది, 7.67 వేగానికి సుమారు 220 కిలోలు. పచ్చి కలప పోగుల వెంట నలిగిపోయే హద్దు చాలా జాతుల్లో 200 నుంచి 350 కిలోల మధ్య ఉంటుంది. మొదటి దెబ్బ ఆ హద్దుకు చాలా కింద, రెండోది హద్దులోకే. కుషన్ ఉంటే రెండంకెలూ తగ్గుతాయి, కానీ వాటి మధ్య తేడా మాత్రం ఉంటుంది.

ఇప్పుడు రిగ్‌ను (పైల్ దింపే ఈ మొత్తం సామగ్రిని) ఎలా మార్చాలో చూద్దాం. గీత లీడర్ మీద ఉండకూడదు, హెల్మెట్ మీద ఉండాలి. హెల్మెట్ పక్కన నిలువుగా చిన్న పైపు ముక్క వెల్డ్ చేయండి, జానెడు పొడవు చాలు. అందులో వెదురు బద్ద నిలబెట్టండి. హెల్మెట్ పైభాగం నుంచి సరిగ్గా 1 మీటరు ఎత్తున దానికి ఎర్ర గుడ్డ చుట్టండి. హ్యామర్ అడుగు అంచు ఆ గుడ్డ దాకా వచ్చిందంటే ఆపాలి. హెల్మెట్ దిగితే బద్ద దిగుతుంది, బద్ద దిగితే గుడ్డ దిగుతుంది. ఇక ఎవరూ ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఇనుప కడ్డీ ఎందుకు కాదంటే, నేను రెండుసార్లు పెట్టి చూశాను, దెబ్బల అదురుకు రెండుసార్లూ వెల్డింగ్ దగ్గరే విరిగి కిందపడింది. వెదురు ఊగుతుందే గానీ విరగదు, విరిగినా ఎవరి తలా పగలదు. బద్ద హ్యామర్‌కు తగలకుండా కనీసం నాలుగు వేళ్ల ఎడం ఉండాలి.

మీ వించ్‌కు ట్రిప్ హుక్ (హ్యామర్‌ను ఎత్తాక తెరుచుకుని వదిలేసే కొక్కెం) ఉంటే ఇంకా మంచి మార్గం ఉంది. హుక్‌ను తెరిచే తాడును చాలామంది లీడర్‌కు కడతారు. దాన్ని హెల్మెట్‌కు కట్టండి. హ్యామర్ మీటరు లేవగానే తాడు బిగిసి హుక్ తెరుచుకుంటుంది, పైల్ ఎంత లోతుకు దిగినా సరే. మనిషి కన్ను మీద ఆధారపడే పనే లేదు. హుక్ మళ్లీ కిందికొచ్చి హ్యామర్‌ను పట్టుకోవాలి కాబట్టి పని నెమ్మదిస్తుంది. ఆ నెమ్మది నాకు ఇష్టమే, దెబ్బకూ దెబ్బకూ మధ్య తలను ఒకసారి చూసే వీలుంటుంది.

ఏది బిగించాలన్నా, ఏది సరిచేయాలన్నా ముందు హ్యామర్‌ను లీడర్‌లో పిన్ వేసి ఆపండి. వించ్ బ్రేకును నమ్మి హెల్మెట్ మీద చెయ్యి పెట్టొద్దు.

"మీటరు ఎత్తు నుంచి కొడితే దిగట్లేదు, ఏం చేయాలి?" అన్నది రెండో ప్రశ్న. బరువు పెంచండి. దానికి వేరే జవాబు లేదు. 30 సెంటీమీటర్ల సగటు వ్యాసం, 10 మీటర్ల పొడవు ఉన్న పైల్ సుమారు 565 కిలోలు తూగుతుంది. దాన్ని 500 కిలోల హ్యామర్‌తో 3 మీటర్ల నుంచి కొట్టినా, 1500 కిలోల హ్యామర్‌తో 1 మీటరు నుంచి కొట్టినా పెట్టిన శక్తి ఒకటే. పైల్‌కు అందేది మాత్రం ఒకటి కాదు. ప్రత్యావస్థాన గుణకం (ఢీకొన్నాక ఎంత వెనక్కి ఎగురుతుందో చెప్పే అంకె) 0.25 అనుకుని లెక్కేస్తే తేలిక హ్యామర్ శక్తిలో సగం మాత్రమే పైల్‌ను దింపడానికి పోతుంది, బరువైన దానిలో దాదాపు ముప్పావు వంతు పోతుంది. మిగిలినది గాల్లో కలిసిపోదు. తలను నలపడానికి, వేడెక్కించడానికి ఖర్చవుతుంది. అంటే తేలిక హ్యామర్ ఒక్కో దెబ్బకు దాదాపు రెండింతల శక్తిని తల మీద పారబోస్తోంది.

ఇది కొత్తగా కనిపెట్టింది కాదు. 1845లో ఇంగ్లండ్‌లోని డెవన్‌పోర్ట్ నౌకాకేంద్రంలో జేమ్స్ నాస్మిత్ అనే ఇంజనీరు తన ఆవిరి హ్యామర్‌ను పాత పద్ధతి యంత్రంతో పోటీకి దించాడు. పాతదాంట్లో తేలిక దిమ్మ ఎత్తు నుంచి పడేది. నాస్మిత్‌ది సుమారు 4 టన్నుల దిమ్మ, తక్కువ ఎత్తు నుంచి గబగబా పడేది. ఆయన పైల్ నాలుగున్నర నిమిషాల్లో దిగింది, పాత యంత్రానికి 12 గంటలు పట్టింది. అందరూ ఆ నిమిషాల సంగతే చెప్పుకుంటారు. నాకు ముఖ్యమైంది రెండోది: బరువైన దిమ్మ దెబ్బలు తిన్న తల నున్నగా ఉంది.

నా పద్ధతి ఏమిటంటే, హ్యామర్ బరువు పైల్ బరువుకు తగ్గకూడదు, రెండింతలుంటే మరీ మంచిది. ఉన్న హ్యామర్‌కే ఇనుప పలకలు బోల్టులతో బిగించి బరువు పెంచవచ్చు, కానీ రెండు పక్కలా సమానంగా బిగించాలి. వించ్, తాడు, లీడర్ ఆ బరువును మోయగలవో లేదో ముందే చూసుకోవాలి. మోయలేవంటే వేరే రిగ్ తెచ్చుకోవాల్సిందే.

సమానంగా అని ఎందుకన్నానంటే, దెబ్బ నడిమధ్యన పడకపోతే పైన వేసిన లెక్కలన్నీ తలకిందులవుతాయి. గుండ్రటి పైల్ మీద బరువు కేంద్రం నుంచి వ్యాసంలో ఎనిమిదో వంతు పక్కకు జరిగితే అంచు మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. 30 సెంటీమీటర్ల పైల్‌కు ఎనిమిదో వంతు అంటే నాలుగు సెంటీమీటర్లు కూడా కాదు. లీడర్ పట్టాల మధ్య హ్యామర్ వదులుగా ఆడుతున్నా, హెల్మెట్ లోపల తలకు చుట్టూ ఖాళీ ఉన్నా, తలను కొంచెం ఏటవాలుగా కోసినా ఆ నాలుగు సెంటీమీటర్లు వచ్చేస్తాయి. మీటరు ఎత్తు నుంచి పడ్డ 125 కిలోల ఒత్తిడి అంచు మీద 250 అవుతుంది. తల ఒకవైపే విచ్చుకుంటే కారణం ఇదే, ఎత్తు కాదు. పట్టాల మీద అరిగిన చోట పలుచటి రేకు వేసి ఆట తగ్గించండి. హెల్మెట్ లోపలి ఖాళీని గట్టి చెక్క ముక్కలతో నింపండి. తలను తూకపు గుండు కట్టి నేలకు సమంగా కాకుండా, పైల్ నడుము గీతకు లంబంగా కోయాలి, పైల్ వంకరగా ఉంటే ఈ రెండూ ఒకటి కావు.

కుషన్ గురించి నాలుగో పాఠంలో చెప్పింది అలాగే ఉంచండి: గట్టి కర్ర దిమ్మ, పోగులు నిలువుగా, చుట్టూ ఇనుప కట్టు. కొందరు దాని బదులు పాత టైరు ముక్కలు పేర్చారట. రబ్బరు దెబ్బను మింగి హ్యామర్‌ను వెనక్కి ఎగరేస్తుంది, పైల్ దిగదు, మీరు ఎత్తు పెంచుతారు, కథ మళ్లీ మొదటికొస్తుంది. కర్ర దిమ్మ నల్లబడి, పొగ వాసన వచ్చి, రాయిలా గట్టిపడితే మార్చేయండి. గట్టిపడ్డ కుషన్ ఉన్నా లేనట్టే.

పొన్ను సంగతి ఉలి పిడిని చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తల అంచును చెక్కి, పొన్నును బిగుతుగా దించి, పైన రెండు వేళ్ల మందం కర్ర మిగల్చండి. హెల్మెట్ కర్ర మీద కూర్చోవాలి, పొన్ను మీద కాదు.

ఇక తల విచ్చుకున్నాక కూడా కొడుతూ పోవడం. దీని మీద నాకు నిజంగా కోపం ఉంది. విచ్చుకున్న తల మెత్తటి పరుపులాంటిది. ప్రతి దెబ్బనూ తనే తినేస్తుంది, కిందికి పోనివ్వదు. దెబ్బకు పైల్ అయిదు మిల్లీమీటర్లు కూడా దిగట్లేదు కాబట్టి గట్టినేల తగిలిందని పని పుస్తకంలో రాసేస్తారు. గట్టినేల తగల్లేదు, తల మెత్తబడింది. అమెరికా ఇంజనీరు ఎ. ఎం. వెల్లింగ్టన్ 1888లో ఇచ్చిన సూత్రం దెబ్బకు దిగుడును బట్టి పైల్ ఎంత బరువు మోస్తుందో చెబుతుంది. అదీ తల గట్టిగా ఉంటేనే పనిచేస్తుంది. విచ్చిన తల మీద తీసిన కొలతను దాంట్లో పెడితే మోయలేని పైల్‌ను మోస్తుందని రాసుకున్నట్టే. అనుమానం వస్తే రంపం తెచ్చి నలిగిన భాగమంతా గట్టి కర్ర తగిలే దాకా కోసేయండి, మళ్లీ పొన్ను వేసి అదే ఎత్తు నుంచి పది దెబ్బలు కొట్టి కొలవండి. దిగుడు ఒక్కసారి పెరిగితే అంతకుముందు రాసిందంతా కొట్టేయాలి.

తలను ఇంత పట్టించుకునేది తల కోసం మాత్రమే కాదు. తల కళ్లకు కనిపిస్తుంది, కోసేయొచ్చు. కింద విరిగితే ఏం చేయగలం? ఒక పనిలో దిగడం ఆగిపోయిన పైల్‌ను ఎత్తు పెంచి కొట్టించాం. దెబ్బకు నాలుగైదు మిల్లీమీటర్లు దిగుతున్నది కాసేపటికి ఒక్క దెబ్బకు బెత్తెడు దిగింది. గట్టిపొర దాటిందని సంతోషించాం. తర్వాత వేరే పని కోసం పక్కన తవ్వినప్పుడు ఆ పైల్ కనిపించింది. మూడు మీటర్ల లోతున కణుపు దగ్గర ఏటవాలుగా చీలి, పై ముక్క కింది ముక్క పక్కనుంచి జారింది. విరిగిన చోట పోగులు చేతివేళ్లంత పొడవున ఒకదాంట్లో ఒకటి దూరి ఉన్నాయి. ఆ పైల్‌ను అప్పటికే మంచిదని లెక్కలో వేశాం. అప్పటి నుంచి దిగుడు తగ్గుతూ తగ్గుతూ వచ్చి హఠాత్తుగా పెరిగితే నేను పని ఆపేస్తాను. హ్యామర్ ఎగిరిపడుతున్నా, పైల్ నడుము ఊగుతున్నా అంతే.

అభ్యాసం. పనికిరాని పైళ్లు రెండు తీసుకోండి, ఒకే మానువి అయితే మేలు. మొదటిదాన్ని హెల్మెట్ మీద వెదురు బద్దతో, రెండోదాన్ని లీడర్ మీద కదలని గీతతో దింపండి. ప్రతి 25 సెంటీమీటర్లకు ఎన్ని దెబ్బలు పడ్డాయో, ఆ సమయంలో హ్యామర్ నిజంగా ఎంత ఎత్తు నుంచి పడిందో టేపుతో కొలిచి రాయండి. అంచనాగా రాయొద్దు. రెండు మీటర్లు దిగాక రెండు తలలనూ అర మీటరు పొడవున కోసి, ఇనుప మేకుతో నిలువుగా చీల్చండి. నలిగిన పోగులు ఎంత లోతు దాకా ఉన్నాయో గోటితో గీరితే తెలుస్తుంది: నలిగినచోట పోగు లేచి వస్తుంది, గట్టిచోట రాదు. ఆ లోతును రెండింటికీ సెంటీమీటర్లలో రాసి ఉంచండి. పైల్‌ను ఎంత పొడవు ఎక్కువ తెప్పించాలో వచ్చే పాఠంలో ఆ అంకెతోనే లెక్క వేస్తాం.