కవలలున్న ఇంట్లో చంటిబిడ్డకి స్నానం పోసే ముందు జాగ్రత్తలు

ముందు కవలల సంగతి చూడండి. రెండేళ్ల పిల్లలు చెరో పక్కకి పరిగెడతారు కాబట్టి ఎవరో ఒకరు వాళ్లతోనే ఉండాలి, మనిషి లేకపోతే వాళ్లు పడుకున్నాకే స్నానం పెట్టుకోండి.

హీటర్ రాడ్ పెట్టిన బకెట్ వాళ్లకి అందే చోట అస్సలు వద్దు. ప్లగ్ పీకి రాడ్ తీశాకే నీళ్లు ముట్టుకోవాలి. టబ్బులో ముందు చన్నీళ్లు, తర్వాత వేన్నీళ్లు పోసి బాగా కలిపి మోచేత్తో చూడండి, 37 డిగ్రీలు చాలు.

టవల్, బట్టలు పక్కనే ఉంచుకోండి. మధ్యలో కవలల్లో ఒకరు ఏడ్చినా సరే బిడ్డని టవల్లో చుట్టి ఎత్తుకునే వెళ్లండి, నీళ్ల దగ్గర ఒక్క క్షణం కూడా వదలొద్దు.

ముక్కులో, చెవుల్లో నూనె వద్దు, సాంబ్రాణి పొగ కూడా వద్దు, అమ్మమ్మకి మెల్లగా చెప్పండి.

అయిపోగానే బకెట్ బోర్లించి బాత్రూంకి గడియ పెట్టేయండి.