రాత్రంతా నడిచాక బండి తాళం ముట్టుకోవద్దు

ఈ మధ్య విరాళాల కోసం రాత్రంతా నడిచే ఒక చారిటీ నడక పూర్తిచేసి, తెల్లారాక ఇంటికి బయల్దేరిన కుర్రాడు నిద్రమత్తులో బైక్‌ని తిన్నగా డివైడర్‌కి గుద్దాడు. రాత్రంతా నడిచినప్పుడు కాలికి చిన్న దెబ్బ కూడా తగల్లేదు. ఇప్పుడు భుజం ఎముక విరిగి మంచం మీద ఉన్నాడు. మీ క్లబ్బు కూడా ఇలాంటి నడకకే పేర్లు ఇచ్చింది కాబట్టి ఇది రాస్తున్నాను.

మంచి బూట్లు, టార్చ్, నీళ్ల సీసా గురించి నిర్వాహకులు ఎలాగూ చెప్తారు. ఏటా నేను చూసే తప్పు వేరే. ఫినిష్ లైన్ దాటగానే ప్రమాదం కూడా దాటిపోయిందనుకుంటారు. మెడల్ వేసుకుని ఫోటో దిగుతారు, "నాకేం, బాగానే ఉన్నాను" అంటూ జేబులోంచి తాళం తీస్తారు.

బాగా లేరు. ముందురోజు ఉదయం ఏడింటికి లేచి, పగలు క్లాసులకు వెళ్లి, రాత్రి నడిచారంటే మర్నాడు ఏడింటికి 24 గంటలు మేలుకున్నట్టు. అంతసేపు నిద్ర లేని మనిషి పనితీరు, రక్తంలో 0.10 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుంది. చాలా దేశాల్లో డ్రంక్ డ్రైవింగ్ కేసుకు అంతకంటే తక్కువే చాలు. పైగా తెల్లవారుజాము శరీరం గాఢనిద్ర కోరుకునే వేళ. కళ్లు తెరిచే ఉన్నా మెదడు నాలుగు సెకన్లు కునుకు తీస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ నాలుగు సెకన్లకు బండి 65 మీటర్లు దాటి పోతుంది, నడిపేవాడు లేకుండానే. కాఫీ పనిచేయడానికే దాదాపు అరగంట పడుతుంది. మొహం కడుక్కోవడం, పాటలు పెట్టుకోవడం వల్ల నిద్ర ఆగదు.

అందుకే ఇంటికి వెళ్లే ఏర్పాటు నడకకు ముందే అయిపోవాలి. ఆ రాత్రి ఇంట్లో నిద్రపోయిన వాళ్లెవరైనా వచ్చి తీసుకెళ్లాలి. లేదా అక్కడే చాపలు వేసుకుని రెండు మూడు గంటలు పడుకుని బస్సులో వెళ్లాలి. అసలు బండ్లు తేనివ్వకండి. బండి కళ్లెదురుగా ఉంటే ఎవరో ఒకరు తీస్తారు. సామాన్ల వ్యాన్ నడిపేవాడిని అందరూ మర్చిపోతారు. నడవలేదు కదా అనుకుంటారు, కానీ వాడూ రాత్రంతా మేలుకునే ఉన్నాడు. తెల్లారేసరికి డ్రైవర్ మారాల్సిందే.

దారిలో పాటించాల్సినవి:

ఫుట్‌పాత్ లేని చోట ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించే వైపు నడవండి. వెనక నుంచి వచ్చేది చూడలేరు.

వెలుతురు పడితే మెరిసే జాకెట్ అందరికీ ఉండాలి. నల్ల టీషర్ట్‌తో వచ్చినవాడిని లైన్‌లోకి రానివ్వకండి.

అందరికన్నా చివర నడిచేవాళ్లు ఇద్దరుండాలి. వాళ్లని దాటి ఎవరూ వెనకబడకూడదు.

ప్రతి మజిలీలో తలలు లెక్కపెట్టండి. "ముందు వెళ్లిపోయి ఉంటాడులే" అనేది లెక్క కాదు.

మడమ మండగానే ఆగండి. సాక్స్ తీసి చూస్తే బొత్తాం అంత ఎర్రటి మచ్చ ఉంటుంది, అప్పుడే టేప్ వేయండి. ఇంకో మైలు నడిస్తే అది బొబ్బ.

దాహం వేసినంత తాగండి. గంటలకొద్దీ ఉత్త నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, తికమక మాటలు కనిపిస్తే ఇంకా నీళ్లు పట్టించకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఖాళీ కడుపుతో నొప్పి మాత్ర వద్దు.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. రెండో చెవి ఖాళీగా ఉందన్నా వద్దు.

జ్వరం నుంచి లేచినవాళ్లు ఈసారి నడవొద్దు. పేర్ల టేబుల్ దగ్గర కూర్చోండి.

రాత్రి నడక ఉన్న రోజు మధ్యాహ్నం పడుకోండి, టెన్షన్‌తో నిద్ర పట్టకపోయినా సరే.

విరాళం ఎంత వచ్చిందన్న లెక్క మర్నాడు చూసుకోండి.

ఎవరైనా బండి తెచ్చి తాళాలు మీ దగ్గర పెడితే, తెల్లారాక అడిగినా ఇవ్వకండి. బతిమాలినా ఇవ్వకండి. "ఇల్లు దగ్గరే" అన్నవాడికి అసలే ఇవ్వకండి.

ఇంటికి చేరగానే గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టాలి. పదింటికల్లా ఎవరి మెసేజ్ రాకపోతే వాళ్ల ఇంటికి ఫోన్ చేసే బాధ్యత ఎవరిదో నడకకు ముందే పేరు రాసి పెట్టుకోండి.