కీమో (క్యాన్సర్) మాత్రలు వేసుకునేటప్పుడు వికారం, ఆకలి లేకపోవడం

ముందు మాత్ర సంగతి తేల్చుకోండి. కేపసిటబిన్ అయితే తిన్న అరగంటలోపు నీళ్లతో మింగాలి. టెమోజోలమైడ్ ఖాళీ కడుపున వేసుకుంటేనే వికారం తక్కువ. వాంతులు ఆపే మాత్ర ఆన్‌డాన్‌సెట్రాన్ రాసిచ్చి ఉంటే కీమో మాత్రకు అరగంట నుంచి గంట ముందే పడాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేస్తే అంతగా పనిచేయదు. ఈ వాంతుల మాత్రతో మలబద్ధకం రావచ్చు, అదీ ఆకలిని చంపుతుంది, డాక్టరుకు చెప్పండి.

కీమో మాత్ర వాంతిలో పోయినా ఇంకోటి వేయకండి. తర్వాతి డోసు దాని సమయానికే.

మన చిత్తూరు వైపు రాగి సంగటి ముద్ద పెద్దది, చూస్తేనే కడుపు నిండిపోతుంది. రెండు మూడు గంటలకోసారి నిమ్మకాయంత ముద్ద చాలు, పలచటి పప్పుతో. అదీ వద్దంటే గ్లాసు నీళ్లలో రెండు చెంచాల రాగిపిండి కలిపి జావ కాచి, చల్లారాక మజ్జిగ పోసి గుక్కగుక్కగా ఇవ్వండి. బలానికి వేయించిన చెనిగింజల (వేరుశనగ) పొడి ఒక చెంచా కలపొచ్చు. తిరగమోత వాసన పడదు. వండేటప్పుడు రోగిని వరండాలో కూర్చోబెట్టండి. తినమని బలవంతపెడితే ఉన్న ఆకలీ పోతుంది.

రోజంతా నీళ్లు కూడా నిలవకపోయినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.